ప్యాడ్ చౌకది కాబట్టి కాదు

గేమ్ కంట్రోలర్ పనిచెయ్యడం లేదని ఎవరైనా అడగడం ఆలస్యం, కంప్యూటర్ తెలిసినవాళ్లు చెప్పే మొదటి జవాబు ఒకటే. "చీప్‌ది కొన్నావు కదా, అనుభవించు". ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాడికి సాయం చెయ్యదు సరికదా, తప్పు ఎవరిదో కూడా తప్పుగా చెప్తుంది.

మాది అహోబిలం దగ్గర. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా అని రాసేవాళ్లం, ఇప్పుడు నంద్యాల జిల్లా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్నందుకు చుట్టాల కంప్యూటర్లన్నిటికీ వైద్యుణ్ణి నేనే :) ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఫోన్లలో తరచూ వినే మాట ఇది: "అన్నా, మా పీసీలో బాగానే ఆడుతుంది. మామోళ్ల ల్యాప్‌టాప్‌కి పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు". ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పాడైన వస్తువు అన్ని చోట్లా పాడైనట్టే ఉండాలి. ఒకచోట ఆడి ఇంకోచోట ఆడలేదంటే అది పాడవలేదు, ఆ రెండింటికీ మాట కలవలేదు. అంతే.

మరి మాట ఎందుకు కలవదు? కీబోర్డు, మౌసు ఏ కంపెనీవైనా, ఎంత చౌకవైనా విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో పెట్టగానే పనిచేస్తాయి. కారణం హెచ్‌ఐడీ అనే ఉమ్మడి ప్రమాణం. యూఎస్‌బీతో పాటే 1990లలో వచ్చింది, 1.11 వెర్షన్ 2001లో వచ్చింది. అందులో గేమ్ ప్యాడ్‌కి కూడా చోటు ఉంది. అంటే దారి ఎప్పుడో వేసే ఉంది.

2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది. దానితో పాటు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. ఆ వైర్ ప్యాడ్ యూఎస్‌బీ తీగ మీదే మాట్లాడుతుంది గానీ హెచ్‌ఐడీలో కాదు, కంపెనీ సొంత భాషలో. అప్పటిదాకా ఉన్న డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో అదే ప్యాడ్‌ని చదివితే, వెనకున్న రెండు ట్రిగ్గర్లూ కలిసి ఒకే అక్షంగా కనిపిస్తాయి. కారు ఆటలో యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్నమాట! తర్వాత వచ్చిన ఆటల్లో చాలా వాటికి ఎక్స్‌ఇన్‌పుట్ ఒక్కటే తెలుసు. పాత ప్రమాణాన్ని నమ్ముకున్న ప్యాడ్ వాటి ముందు మూగదే.

ఆళ్లగడ్డ శిల్పుల పని చూసినవాళ్లకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. విగ్రహానికి తాళమానం అని ఒక కొలత ఉంటుంది. మోము పొడవు ఒక తాళం, మిగతా ఒళ్లంతా ఆ లెక్కలోనే. ఆ కొలత ఏ ఒక్క శిల్పి సొత్తూ కాదు. నేర్చుకున్నవాడెవడైనా చెక్కొచ్చు, ఏ ఊరి గుడిలోనైనా నిలపొచ్చు. ప్రమాణం అంటే అదీ. ఒక పెద్ద శిల్పి వచ్చి "ఇకనుంచి గుళ్లో పీఠాలన్నీ నా కొలతకే కడతారు" అంటే, మిగతావాళ్లు చేసేదేముంది? ఆయన పేరు చెప్పుకుని చెక్కడమే.

చౌక ప్యాడ్లు చేస్తున్నది సరిగ్గా అదే. ప్రతి యూఎస్‌బీ వస్తువూ కంప్యూటర్‌కి తన తయారీదారు సంఖ్య చెప్పుకోవాలి. ఆ సంఖ్య సొంతంగా కొనాలంటే వేల డాలర్లు. చిన్న కంపెనీ ఆ డబ్బు పెట్టినా, ఆటలు దాన్ని గుర్తుపడతాయన్న నమ్మకం లేదు. అందుకని చాలా ప్యాడ్లు మైక్రోసాఫ్ట్ ప్యాడ్ సంఖ్యనే చెప్పి లోపలికి దూరుతున్నాయి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. తలుపుకి ఒకే తాళంచెవి పెట్టినవాణ్ణి వదిలేసి, మారు తాళంచెవి చేసుకున్నవాణ్ణి తిట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

లినక్స్ సంగతి చూడండి. అక్కడ ఎక్స్‌ప్యాడ్ అనే డ్రైవర్లో తయారీదారుల సంఖ్యల పట్టీ ఒకటుంది. ఎక్స్‌ఇన్‌పుట్ మాట్లాడే కొత్త కంపెనీ ప్యాడ్ ఆ పట్టీలో లేకపోతే, ఎవరో పుణ్యాత్ముడు ఒక వరుస చేర్చేదాకా అది పలకదు. మ్యాక్‌లో 360 వైర్ ప్యాడ్ల కోసం జనం ఏళ్ల తరబడి ఔత్సాహికులు రాసిన డ్రైవర్ మీద ఆధారపడ్డారు. 2020లో బిగ్ సర్ వచ్చేసరికి కెర్నల్ ఎక్స్‌టెన్షన్ల మీద ఆపిల్ పట్టు బిగించింది, ఆ దారి ఇరుకైంది. 2019 కాటలినాలో ఆపిల్ స్వయంగా ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వైర్‌లెస్ ప్యాడ్లకు తలుపు తీసింది. సంతోషం. కానీ తెరిచింది పేరున్నవాళ్లకే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎక్స్‌ఇన్‌పుట్ వల్ల ఒక మేలు జరిగింది. హెచ్‌ఐడీ "ఒకటో బటన్, రెండో బటన్" అని చెప్తుంది గానీ ఏది ఎక్కడుందో చెప్పదు. పాతరోజుల్లో ఒక్కో ప్యాడ్‌లో ఒకటో బటన్ ఒక్కో మూల ఉండేది. ఎక్స్‌ఇన్‌పుట్ వచ్చాక ఏ అంటే ఏ, బీ అంటే బీ. ఒప్పుకుంటాను. కానీ ఆ లోటుని ఉమ్మడి ప్రమాణంలోనే పూడ్చి ఉండొచ్చు కదా! సొంత కంచె లోపల పూడ్చి, బయటివాళ్లని "నాసిరకం" అంటే ఎలా? ఇదే పనిని ఎస్‌డీఎల్ అనే ఉచిత లైబ్రరీ చుట్టూ చేరినవాళ్లు ఏ కంచె లేకుండా చేసి చూపించారు. ఏ ప్యాడ్‌లో ఏ బటన్ ఏదో, ఏ ఆపరేటింగ్ సిస్టంలో ఎలా కనిపిస్తుందో, ప్యాడ్‌కి ఒక వరుస చొప్పున అందరూ కలిసి రాసుకున్న పట్టీ అది.

కంచె ఎంతదాకా పోతుందో 2023 నవంబర్లో చూశాం. అనుమతి లేని ఉపకరణాలను ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఆపేయడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా ఆడిన వస్తువు, డబ్బిచ్చి కొన్న వస్తువు, గడువు ఇచ్చి మరీ ఆపేశారు. ఇది కన్సోల్ సంగతి, పీసీకి రాలేదు అంటారా? "కొన్నది నీదే గానీ, ఆడాలో వద్దో చెప్పేది మేము" అన్న ఆలోచన పీసీకి రాదని నాకు నమ్మకం లేదు.

సరే, తిట్టడం అయింది, పనికొచ్చేది చెప్తాను. ముందు తీగ మార్చండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే తీగలు బోలెడు. తర్వాత ఆట తెరవకుండా పరీక్షించండి. విండోస్‌లో రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్, లినక్స్‌లో ఈవీటెస్ట్. అక్కడ బటన్లు పలికి ఆటలో పలకకపోతే ప్యాడ్ మంచిదే, పద్ధతి వేరు. అహోబిలంలో నరసింహుడికి తొమ్మిది రూపాలు, ఎక్కడైనా దణ్ణం ఒకటే. ఈ ప్యాడ్లలో చాలా వాటికి మూడు నాలుగు రూపాలు, ఒక్కోదానికి ఒక్కో మంత్రం! హోమ్ బటన్ కాసేపు నొక్కిపట్టడమో, ఇంకో బటన్ నొక్కి తీగ పెట్టడమో చేస్తే రూపం మారుతుంది. విండోస్‌కి ఎక్స్‌ఇన్‌పుట్ రూపం, మ్యాక్‌కి హెచ్‌ఐడీ రూపం ముందు చూడండి. ఏ, బీ తారుమారైతే అది నింటెండో రూపంలో ఉందేమో చూడండి. బ్లూటూత్ అయితే రూపం మార్చాక పాత జత తీసేసి మళ్లీ కలపండి. ఏదీ కుదరకపోతే స్టీమ్ ద్వారా ఆట తెరిస్తే అది మధ్యలో దుబాసీ పని చేస్తుంది.

ఇదంతా పన్నెండేళ్ల పిల్లవాడు నేర్చుకోవాల్సి రావడమే నా ఫిర్యాదు. కంపెనీ ప్యాడ్ ఐదు వేలకు పైమాటే. ఏడెనిమిది వందలు పెట్టి కొన్న ఇంట్లో ఆ డబ్బు చిన్నదేం కాదు. పలకలేదని మూల పడేసిన ప్రతి మంచి ప్యాడూ ఆ ఇంటికి నష్టం, ఊరికి చెత్త.

కాబట్టి తయారీదారులారా, ఏ రూపానికి ఏ బటన్లో పెట్టె మీదే అచ్చు వెయ్యండి. ఆటలు రాసేవాళ్లు ఎక్స్‌ఇన్‌పుట్ ఒక్కదాంతో సరిపెట్టకండి, ఎస్‌డీఎల్ వాడండి. ఇక తోటి ఇంజనీర్లు, మీ ఇంట్లో ప్యాడ్ పట్టీలో లేకపోతే ఆ ఒక్క వరుసా రాసి పంపండి. పావుగంట పని. "చీప్‌ది కొన్నావు" అనడానికి పట్టే ఓపిక కంటే కాస్త ఎక్కువ, అంతే.