సుఖాంతం చరిత్రకు ద్రోహం కాదు

స్వలింగ ప్రేమికుల చారిత్రక ఫాంటసీ నవలల మీద ఒక విమర్శ తరచూ వినిపిస్తుంది. ఆ రోజుల్లో అలాంటి ప్రేమకు జైలే గతి కదా, మధ్యలో రహస్య మాంత్రిక సమాజాన్ని కల్పించి, చివర్లో ఇద్దరినీ కలిపేస్తే చరిత్రను కప్పిపుచ్చినట్టేనని. బాధితుల పక్షాన అన్నట్టుండే ఈ మాట నిజానికి వాళ్లకే అన్యాయం చేస్తుంది.

జైలు మాట నిజమే. 1885లో బ్రిటన్ చేసిన చట్టం మగవాళ్ల మధ్య సాన్నిహిత్యాన్ని, నాలుగు గోడల మధ్య జరిగినా సరే, నేరంగా లెక్కగట్టింది. దాని కిందే 1895లో ఆస్కార్ వైల్డ్‌కు రెండేళ్ల కఠిన శిక్ష పడింది. ఇవి మనకు తెలిసింది కోర్టు కాగితాల వల్ల, పత్రికల వల్ల. పట్టుబడినవాళ్లు రికార్డులకెక్కారు. గుట్టుగా బతికినవాళ్లు ఆనవాళ్లు మిగల్చకుండా వెళ్లిపోయారు. పోలీసు ఫైళ్లలో కనబడలేదని ఆ కాలంలో సుఖమే లేదనడం ఏం న్యాయం?

సుఖం ఉంది. షెఫీల్డ్ దగ్గర మిల్‌థార్ప్ పల్లెలో రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్, పేదింట పుట్టిన జార్జ్ మెరిల్ 1898 నుంచి కలిసి కాపురమున్నారు. మెరిల్ 1928లో, కార్పెంటర్ మరుసటేడు పోయారు. ఇద్దరిదీ ఒకే సమాధి. ఆ ఇంటికి వెళ్లొచ్చాకే ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913లో 'మారిస్' మొదలుపెట్టి, సుఖాంతం ఉండి తీరాలని పట్టుబట్టాడు. ఆ నవల ఆయన పోయాక, 1971లో గానీ అచ్చు కాలేదు. విషాదాంతమైతే ఇంత ఇబ్బంది ఉండేది కాదని ఆయనే రాసుకున్నాడు. ఇవాళ విషాదమే కావాలంటున్న విమర్శకులు ఆనాటి సెన్సారు కోరికనే మళ్లీ కోరుతున్నారు.

ఇక మంత్రాల సంగతి. ఫ్రెయా మార్స్క్ 2021లో రాసిన 'ఎ మార్వెలస్ లైట్' ఎడ్వర్డ్ రాజు కాలపు ఇంగ్లండ్ కథ. ప్రభుత్వ కార్యాలయంలో పొరపాటున పడిన ఉద్యోగం వల్ల కథానాయకుడు రాబిన్‌కు మాంత్రికుల లోకం తెలుస్తుంది. మిగతా మాంత్రికులు ఉత్త వేళ్లతో చేసే మంత్రానికి, రాబిన్ ప్రేమించే, శక్తి తక్కువైన ఎడ్విన్‌కు వేళ్ల మధ్య దారం కావాలి. ఇద్దరూ తమ మనసు దాచుకోవడం ముందే నేర్చినవాళ్లు. ఎదుటివాణ్ని నమ్మొచ్చా లేదా అని క్షణక్షణం తూచుకునే ఆ బతుకును, రహస్యంగా దాగిన ఈ మాంత్రిక లోకం కళ్లకు కడుతుంది.

అయితే ఆనాటి ధనికుల భవంతుల వైభవానికి మురిసి, ఆ సంపద వెనకున్న వలస రాజ్యాల దోపిడీని మరిచిన నవలను నిలదీయాల్సిందే. ఆ తప్పును సుఖాంతానికి అంటగట్టకూడదు.

అదే బ్రిటిష్ సామ్రాజ్యం 1860లో మనకు అంటగట్టిన, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ పట్టు, పరస్పర సమ్మతితో కలిసిన పెద్దల మీద 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో గానీ వీడలేదు. మన రికార్డుల్లోనూ రాయని జీవితాలున్నాయి. వాటికి తెలుగులో ప్రేమకథలు రావాలి, మంత్రాలతో సహా. చట్టం వదిలేసిన మనుషులకు కథల్లో శిక్ష కొనసాగించమని అడిగే హక్కు ఎవరికీ లేదు.