తగవులమారి యెవరు?

ఒకనికి పేరు పెట్టుటకు క్షణము చాలును; దానిని తుడుచుటకు ఒక్కొక్కప్పుడు నూరేండ్లును చాలవు. కలహము పుట్టించువారిని గూర్చి మన భాషలో నున్న మాటలను విచారించినచో ఈ సంగతి చక్కగా తెలియును. విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ముఖ్యముగా నావంటి ఉపాధ్యాయులకును ఈ విచారణ నిరర్థకము గాదని తలంచి కొన్ని మాటలు వ్రాయుచున్నాను.

వికారాబాదునుండి తాండూరునకు రైలులో పోవువారు ఒకే పెట్టెలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును విందురు. తాండూరు తాలూకా 1956వ సంవత్సరము వఱకు గుల్బర్గా జిల్లాలోనిదే గదా! కావున ఈ ప్రాంతమున తగవు పెట్టువానికి పేర్ల కొఱత లేదు. తెలుగువాడు తగవులమారి, జగడాలమారి, తంపులమారి యనును. కన్నడమువాడు జగళగంట యనును. ఉర్దూ మాటలాడువాడు ఫసాదీ యనును. చాటుమాటున చెప్పువానికి కొండెగాడు, చాడీకోరు, చుగల్‌ఖోర్ అని వేరు పేర్లున్నవి. ఇందొక వింత గలదు. పారసీకమున ఖోర్ అనగా తినువాడు. మన చాడీకోరులోని కోరు అదియే. నారదునకు మన పెద్దలు పెట్టిన పేరు కలహభోజనుడు. ఎక్కడి పారసీకము, ఎక్కడి సంస్కృతము! రెండు భాషలవారును ఇట్టివానిని తిండిపోతుగనే చూచిరి. జగడము లేని దినమున వాని ఆకలి తీరదు.

అట్టివాడు నిజముగా గలడు. వానిని ఆ పేరుతో పిలుచుటలో తప్పు లేదు. చిక్కు మఱియొకచోట నున్నది. ఏమాత్రము పోలికలేని యిద్దఱు మనుష్యులకు ఒకే మాట అంటుకొనుచున్నది. పితూరీ యను మాటను చూడుడు. ఇంటిలో తమ్ముడు అన్నమీద తండ్రికి చెప్పు కొండెము పితూరీ. 1879లో రంప కొండలయందు జనులు ప్రభుత్వముపై తిరుగబడగా అదియు పితూరీయే. దొరలు తమ కాగితములలో సైతము ఆ పేరే వ్రాసికొనిరి. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమును పితూరీయే యనిరి. చెవిలో గుసగుసలాడుట యెక్కడ, బాహాటముగ పోలీసు ఠాణాలపై పడుట యెక్కడ! పైగా ఆ కొండలలో ముందు వచ్చినదేమి? కల్లుపై రుసుములును, మన్సబుదారుని ఒత్తిడియు ముందు వచ్చెను. 1879 నాటి తిరుగుబాటు తరువాత వచ్చెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో పోడు సేద్యమునకు ఆటంకములు ముందు కలిగెను. సీతారామరాజు తరువాత వచ్చెను. నిప్పు రాజేసినవా డెవడో తేదీలే చెప్పుచున్నవి.

మన హైదరాబాదు సంగతియు నిట్టిదే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్ అను రోహిల్లా నాయకుడు మౌల్వీ అల్లాఉద్దీన్‌తో గూడి కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేసెను. పట్టుబడి, చెఱనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను వద్ద చంపబడెను. నేడు డంబములు పలుకు బాలుని జూచి ‘పెద్ద తుర్రంఖానువా?’ యని గేలిచేయుదుము. ఆ మాట ఆయన పేరునుండియే వచ్చినదని జనులు చెప్పుకొందురు. ప్రాణమిచ్చినవాని పేరు పరిహాసమునకు మిగిలినది!

ఇది నిన్నటి దొరలు నేర్పిన విద్య కాదు. అనావృష్టి కాలమున అహాబు రాజు ఏలీయాను దేశమునకు కీడు తెచ్చినవాడని నిందింపగా, ఆ కీడు రాజువలనను రాజు ఇంటివారివలనను వచ్చినదని ప్రవక్త బదులు చెప్పినట్లు రాజుల గ్రంథమున జదువుచున్నాము. మన కాలమున 1969లోను, మరల 2009 మొదలు 2014 వఱకును, ప్రత్యేక రాష్ట్రము కోరినవారిని ఒక పక్షమువారు వేర్పాటువాదులనిరి. రెండవ పక్షమువారు ఉద్యమకారులనిరి. 2014 జూన్ 2న రాష్ట్ర మేర్పడిన పిమ్మట మన ప్రాంతమున మొదటి మాట వినబడుట దాదాపుగ మానినది. మాట మారినది గాని మనుష్యులు మారలేదు. పత్రికలు వారినే ఆందోళనకారులనియు వ్రాసెను. ఆందోళనమనగా సంస్కృతమున ఊయెల యూగుటయే. ఊయెల నూపినవాడు దుర్మార్గు డెట్లగునో నాకు బోధపడదు.

ఇంత దూరము పోయినది బడి సంగతి చెప్పుటకే. ఒక వసతిగృహమున, దాని పేరు చెప్పను, ఒక బాలుడు భోజనశాలలో అందఱి యెదుట లేచి పప్పు నీళ్ళవలె నున్నదనెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కంది పండు తాండూరు సీమ బాలునకు పప్పు సంగతి తెలియకుండునా! మఱునాడు పదిమంది పళ్ళెములు ముట్టలేదు. గరిటె ముంచి పప్పును చూచినవారు లేరు. బాలుడు మాత్రము అల్లరిమూకకు నాయకుడయ్యెను. బదిలీ పత్రమున నడవడి యనుచోట ఆ మాటయే యెక్కెను. ఆ కాగితముతో వేఱొక బడికి పోగా, అచటివారు మొదటి దినమునుండియే వానిని వెనుక బల్లపై కూర్చుండబెట్టిరి. అదే వసతిగృహమున రాత్రివేళ వార్డెనుగారి గదికి పోయి తోడివారి మాటలు చేరవేసిన మఱియొకనికి ‘సత్ప్రవర్తన’ లభించెను. వీరిరువురిలో కలహభోజను డెవడు?

లేచి నిలిచిన ప్రతి బాలుడును ఏలీయా యని నేననను. పరీక్ష కష్టముగా నున్నదని కిటికీ అద్దములు పగులగొట్టువారిని నేనెఱుగుదును, వారిని శిక్షింపవలసినదే. అయినను పేరు పెట్టుటకు ముందు ఒక సంగతి యడుగుట న్యాయము: వాడు నోరు తెఱవకముందే ఆ బాధ యుండెనా? ఉండిన యెడల వాడు దానిని పుట్టించినవాడు కాడు, చూపినవాడు. ఇక వాడు ఆ మాటను ఎవరి యెదుట చెప్పెనో తెలిసికొన్నచో మిగిలిన సందేహము తీరును. కొండెగాడు సభలో లేచి నిలువడు. తలిదండ్రులును ఇంటిలో ‘ఎందుకు?’ అని యడిగిన ఆడుబిడ్డను జగడాలమారి యనుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనవచ్చును. మగబిడ్డ అడిగిన అదే ప్రశ్నకు తెలివియని పేరు పెట్టుటయు నేను చూచియున్నాను.

తోడి ఉపాధ్యాయులకు నా మనవి యిది. వేసవిలో బదిలీ పత్రములు వ్రాయునపుడు, నడవడి యను గడిలో బిరుదు వ్రాయక, జరిగినపని వ్రాయుడు: ‘ఫలానా దినమున భోజనము బాగుగ లేదని చెప్పెను, మఱునాడు భుజింపలేదు.’ చదువువారు తమంతట తామే నిర్ణయించుకొందురు. అంత వ్రాయుటకు గడి చాలదందురేని, అచ్చు వేయించునపుడు గడిని కొంచెము పెద్దది చేయింపవచ్చును.