చుక్క వయసు చెప్పే టెక్నీషియం

ఎముకలకో గుండెకో స్కానింగ్ చేసేటప్పుడు కొందరికి రేడియోధార్మిక మందును సూదితో ఎక్కిస్తారు. చాలాసార్లు అందులో ఉండేది టెక్నీషియం. మూలకాల పట్టికలో 43వది. ఎంతోకాలం ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. చివరికి 1937లో ఇటలీలోని పలెర్మోలో కార్లో పెరియర్, ఎమీలియో సెగ్రే దాన్ని పట్టుకున్నారు. అదీ ఏ గనిలోనో కాదు, అమెరికాలోని సైక్లోట్రాన్‌లో వాడేసిన మాలిబ్డినం రేకులో! అలా మనిషి కృత్రిమంగా తయారుచేసిన తొలి మూలకంగా పేరుపడింది.

అలాంటిది 1952లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త పాల్ మెరిల్‌కు ఆకాశంలో కనిపించింది. నక్షత్ర కాంతిని వర్ణపటంగా విడదీస్తే రంగుల మధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానిది ఒక్కో గీతల వరస, మన వేలిముద్రల్లాగే. 'ఆర్ ఆండ్రోమెడే' లాంటి కొన్ని ఎర్రని ముసలి నక్షత్రాల్లో టెక్నీషియం ముద్రలు దొరికాయి.

ఇందులో వింతేముంది అంటారా? నక్షత్రాల్లో తయారయ్యే రకం టెక్నీషియం సుమారు 2 లక్షల ఏళ్లకు సగం కరిగిపోతుంది. ఇలాంటి నక్షత్రాల వయసేమో కోట్ల ఏళ్లలో ఉంటుంది. పుట్టుకతో వచ్చిందైతే ఎప్పుడో మాయమయ్యేది. ఇంకా ఉందంటే, ఆ నక్షత్రమే దాన్ని వండుతోందన్నమాట! బరువైన మూలకాలు నక్షత్రాల్లోనే పుడతాయనడానికి అది తిరుగులేని సాక్ష్యమైంది.

వయసు తెలిపే ఆనవాలూ అదే. 'మైరా' రకం నక్షత్రాలు నెలల తరబడి ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటాయి. ఆ రకానికి పేరిచ్చిన మైరాను 1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ గమనించాడు. సుమారు 332 రోజులకోసారి అది వెలిగి, మళ్లీ కంటికి ఆనకుండా పోతుంది. ఈ హెచ్చుతగ్గులు చూస్తే ముసలిదని తెలుస్తుందిగానీ, ముసలితనంలో ఎంతదూరం వచ్చిందో తెలియదు. అది చెప్పేది వర్ణపటమే.

ఇలాంటి నక్షత్రంలో, నడిగర్భం చుట్టూ ఉన్న హీలియం పొర వేల ఏళ్లకోసారి భగ్గుమంటుంది. ఆ తర్వాత, కవ్వంతో చిలికితే వెన్న పైకి తేలినట్టు, లోపల తయారైన సరుకు పైకొస్తుంది. టెక్నీషియం గీతలు కనిపిస్తే ఆ చిలుకుడు మొదలైనట్టే. మైరాలోనూ అవి ఉన్నాయి. కనిపించకపోతే? ఇంకా ఆ దశకు చేరలేదనో, చిలికేంత బరువు ఆ నక్షత్రానికి లేదనో అర్థం.

ఆపైన మిగిలేది చివరి మజిలీయే. పైపొరలన్నీ అంతరిక్షంలోకి ఎగిరిపోయి, శ్వేతకుబ్జం ఒక్కటే మిగులుతుంది. మరో 500 కోట్ల ఏళ్లకు మన సూర్యుడూ ఎర్రగా ఉబ్బి ఈ దారే పట్టాలి. ఎగిరిపోయిన ఆ ధూళిలోంచే కొత్త నక్షత్రాలు, కొత్త లోకాలు పుడతాయి. మన ఒంట్లోని కార్బన్‌లో చాలా భాగం అలా ఏ ముసలి నక్షత్రమో పంచి పోయిన ఆస్తే!