వాక్యాన్ని ఎవరు చెడగొట్టిండ్రు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు "మా నాయిన పని చేసిండు" అని రాస్తే ఎర్రసిరాతో "చేశాడు" అని దిద్దే సార్లు ఇంకా ఉన్నరు. తెలంగాణ 2014లో వచ్చింది. మన యాస సినిమా హీరోల నోట్లెకు వచ్చింది. పరీక్ష కాగితం మీదికి మాత్రం రాలేదు. ఆ ఎర్రగీత చూసిన పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: మా ఇంట్ల మాట తప్పు. బీడీలు చుట్టే తల్లి, సాంచ నడిపే తండ్రి, చెప్పులు కుట్టే తాత, అందరూ తప్పే. కులం పేరెత్తకుండా నేర్పే కులపాఠం ఇది. అసలు ఈ తప్పు ఎక్కడ పుట్టిందో లెక్క తీద్దాం.

పాత తెలుగులో "చేసెను" అనేది క్రియ. "చేసినవాడు" అంటే పని చేసిన మనిషి, అది నామం. కాలం గడిచినకొద్దీ ఆ నామమే వాక్యం చివర నిలబడి క్రియ పని ఎత్తుకున్నది. అరిగి "చేసినాడు" అయింది. కోస్తా నోరు దాన్ని "చేశాడు" అన్నది, మన నోరు "చేసిండు" అన్నది. రెండూ ఒక్క తల్లి బిడ్డలే. పైగా తల్లి మాటలోని "న" మన దాంట్లో సున్నగా బతికే ఉన్నది, వాళ్ల దాంట్లో పోయింది. మరి చెడిపోయింది ఎవరి మాట?

ఇది తెలుగు ఒక్కదాని ముచ్చట కాదు. సంస్కృతంలో జరిగిపోయిన పనిని చెప్పే క్రియారూపాలు ఎన్నో ఉండేవి. జనం నోట్లో అవి పోయి, "చేయబడిన" అనే అర్థమున్న "కృత" వంటి మాటలే క్రియలయినయి. అందుకే హిందీ, ఉర్దూల్లో మగవాడు తిన్నా "ఉస్‌నే రోటీ ఖాయీ" అంటరు. క్రియ తిన్నవాణ్ని వదిలి రొట్టెను బట్టి మారుతది. రష్యన్ గతకాలం కూడా ఇట్ల క్రియ నుంచి పుట్టిన విశేషణంలోంచి వచ్చిందే. లాటిన్‌లో క్రియ ఎక్కువగా చివర ఉండేది. దాని బిడ్డలైన ఫ్రెంచి, స్పానిష్‌లలో నడుమకు వచ్చింది. పాత ఇంగ్లీషులో ఎవరు ఎవరిని కొట్టిండ్రో విభక్తులు చెప్పేవి. అవి అరిగిపోయినంక మాటల వరుసే ఆ పని చేస్తున్నది. ఫ్రెంచిని చెడిపోయిన లాటిన్ అని ఇయ్యాళ ఎవరూ దిద్దరు. దాని వెనుక రాజ్యమున్నది. తేడా అంతే.

కలిసి పనిచేసిన చోట వాక్యాలు కూడా కలుస్తయి. గంగాధర మండలం కురిక్యాల గుట్ట మీద 945 ప్రాంతం నాటి జినవల్లభుని శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో ఉన్నది. ఈ నేల ఎన్నడూ ఒంటిభాష నేల కాదు. మన "వస్తనని చెప్పిండు"ను కోరుట్ల ముస్లిములు "ఆతూఁ బోల్కే బోలా" అంటరు. మన "అని" పనిని "బోల్కే" చేస్తున్నది. ఢిల్లీ ఉర్దూ "ఉస్‌నే కహా కి" అని ముందే మొదలుపెడ్తది. దక్కని చెడిన ఉర్దూ కాదు, తెలుగోళ్ల పక్కన కూసోని బతికిన ఉర్దూ.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్ ఊరి గురించి గంపర్జ్, విల్సన్ 1971లో రాసింది కూడా ఇదే. అక్కడ జైనులు, లింగాయతులు కన్నడం, ముస్లిములు ఉర్దూ, అంటరానోళ్లు అనబడ్డ వాళ్లు మరాఠీ మాట్లాడేవాళ్లు. మాటలు వేరు, వాక్యం కట్టు దాదాపు ఒకటే. ఇండ్లు వేరు గనుక మాటలు వేరుగ మిగిలినయి. పని ఒక్కచోట గనుక వాక్యం ఒకటైంది.

గిడుగు రామమూర్తి పోరాటంతో గ్రాంథికం ఓడింది, నిజమే. కానీ గెలిచింది "శిష్టుల" వ్యావహారికం. ఆ శిష్టుల్లో మనం లేము.

నిజంగ అనుమానించాల్సిన వాక్యం వేరే ఉన్నది. "దాడి చేయబడింది", "చంపబడ్డారు". ఈ "బడు" పాత కావ్యాల్లో ఉన్నదే. ఇంగ్లీషు నుంచి మార్చిన కాగితాలు దాన్ని దఫ్తర్లలో పెంచినయి. మన ఇండ్లల్ల ఎవరూ "నేను కొట్టబడ్డాను" అనరు. "దొర కొట్టిండు" అంటరు, "దెబ్బలు తిన్న" అంటరు. 1985 జులై 17న కారంచేడులో "దళితులు చంపబడ్డారు" అని రాస్తే చంపినోళ్లు వాక్యంలోంచే తప్పించుకుంటరు. "కమ్మ భూస్వాములు మాదిగలను చంపిండ్రు" అంటే కర్త దొరుకుతడు.

అందుకే సార్లను అడుగుదాం. "చేశాడు" కూడా నేర్పండి, వద్దనం. "చేసిండు"కు మాత్రం మార్కు కోయకండి. ఇంకో మాట మనకు మనం చెప్పుకోవాలె. ఠాణాలో దరఖాస్తు రాసేటప్పుడు "బడు"ను రానియ్యద్దు. ఎవరు కొట్టిండ్రో ఆ పేరు వాక్యం మొదట్లనే రాయాలె.