తెగింది దారే, తలంపు కాదు!

పక్షవాతంతో మంచాన పడిన వ్యక్తిని చూసి ‘ఇక ఆ జీవితం అయిపోయింది’ అని మనం ఎంత తొందరగా తీర్పు చెప్పేస్తామో! కాని వెన్నుపూస దెబ్బతిన్న మనిషి మెదడు ‘చెయ్యి ఎత్తు’ అని ఆజ్ఞాపిస్తూనే ఉంటుంది. ఆ ఆజ్ఞ చేతిదాకా చేరే దారి మాత్రమే తెగిపోయింది. మరి ఆ ఆజ్ఞను అది పుట్టిన చోటే వినగలిగితే? అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ డోనహ్యూ ఈ ఒక్క ప్రశ్నకే దశాబ్దాలు ధారపోశారు.

1984లో అక్కడ అధ్యాపకుడిగా చేరిన ఆయన, మెదడు కదలికను ఎలా పుట్టిస్తుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. 2004లో, మెడ కింది భాగమంతా చచ్చుబడిన మాథ్యూ నేగిల్ అనే యువకుడి మెదడులో ఓ బుల్లి పరికరాన్ని అమర్చారు. 4 మిల్లీమీటర్ల ఆ చదరంలో వెంట్రుకల్లాంటి 96 సూదులున్నాయి. గాయపడి 3 ఏళ్లయినా, చెయ్యి కదపాలని తలంచగానే అతని మెదడు కణాలు పలికాయి. కంప్యూటర్ ఆ సంకేతాలను చదివింది. అతను కేవలం తలంపుతో తెరమీద బాణం గుర్తును కదిపాడు, టీవీని నడిపాడు!

2011లో కేథీ హచిన్సన్ అనే మహిళ తలంపుతోనే యంత్రపు చేతిని కదిపి, కాఫీ సీసాను నోటి దగ్గరకు తెచ్చుకుని తాగింది. 6 ప్రయత్నాల్లో 4 ఫలించాయి. అంతేనా అనిపించవచ్చు. కాని దాదాపు 15 ఏళ్లుగా మరొకరు తాగిస్తే తప్ప గుక్కెడు నీళ్లయినా ఎరుగని మనిషికి, తానుగా తాగిన ఆ గుటక ఎంత గొప్పదో కదా!

ఈ ప్రయాణం అంత సులువుగా సాగలేదు. ఈ పరికరం కోసం డోనహ్యూ ప్రారంభించిన సంస్థ కొన్నేళ్లకే మూతపడింది. నేగిల్ 2007లో కన్నుమూశాడు. ఆ పరికరం వాళ్లనెవరినీ నడిపించలేదు. తమకు కాకపోయినా తమ వెనుక వచ్చేవారికి మేలు జరిగితే చాలని వాళ్లు తమ తలనే ప్రయోగానికి అప్పగించారు. ఆ త్యాగం వృథా కాలేదు. కండరాలు క్షీణించి మాట పోయిన ఒక వ్యక్తి పలకదలచిన మాటల్ని, అదే పరిశోధనలో భాగంగా 97 శాతం ఖచ్చితత్వంతో కంప్యూటర్ పలికించినట్టు 2024లో వైద్యులు ప్రకటించారు.

మన ఇళ్లలోనూ మంచాన పడిన పెద్దలున్నారు. వాళ్ల ఎదుటే వాళ్లు లేనట్టు మాట్లాడుకుంటాం, ఏం కావాలో అడగకుండానే నిర్ణయించేస్తాం. వాళ్లను వినడానికి 96 సూదులు అక్కర్లేదు. పక్కన కూర్చునే కాస్త ఓపిక చాలు!