మొండి సాఫ్టువేరును మొదలంటఁ దీయుట



పసుపు మడిలోఁ దుంగ మొలచినపుడు కలుపు దీసిన వారెవరికైనను నేనిపుడు చెప్పఁబోవు మాట సులభముగ బోధపడఁగలదు. పై యాకును ద్రుంచినంతనే నేల శుభ్రముగఁ గన్పట్టును. నాలుగు దినములు గడచునప్పటికి అడుగుననున్న గడ్డనుండి తుంగ మరల తలయెత్తును. కంప్యూటరులోఁ జెడిన సాఫ్టువేరును దీసివేసి తిరిగి యెక్కించుటయు నిట్టిదే.

తెలుగు వ్రాయుటకై నేను పెక్కేండ్లుగ నొక ప్రోగ్రామును వాడుచున్నాను. గడచిన మాసమున నది తెఱచిన తోడనే మూతపడఁజొచ్చెను. తీసివేసి మరల నెక్కించితిని, అదే రోగము. మూఁడు పర్యాయములు ఇట్లు చేసి, కంప్యూటరే చెడినదని తలంచితిని. నిజమునకుఁ గంప్యూటరు చెడలేదు. నేను తీసివేసితి ననుకొన్న ప్రోగ్రాము పూర్తిగఁ బోలేదు.

విండోసు కంప్యూటరులో నొక ప్రోగ్రాము ఒక్కచోట నుండదు. దాని ముఖ్యభాగము సాధారణముగఁ బ్రోగ్రాం ఫైల్స్ అను ఫోల్డరులో నుండును. మనము చేసికొన్న యమరికలు యాప్ డేటా యను మఱుఁగు ఫోల్డరున, రోమింగ్, లోకల్ అను విభాగములలో నుండును. వాడువారందఱకుఁ జెందినవి ప్రోగ్రాం డేటాలో నుండును. ఇవిగాక రిజిస్ట్రీ యను పద్దుపుస్తకమునను గొన్ని వ్రాఁత లుండును. అన్‌ఇన్‌స్టాల్ అని నొక్కినపుడు ముఖ్యభాగము పోవును గాని యమరికలు తఱచుగ మిగిలిపోవును. తిరిగి యెక్కించుకొనువారికిఁ దమ పాత యమరికలు దొరకవలెనని నిర్మాతలు పలుమాఱు వానిని గావలసియే విడిచిపెట్టుదురు. చెడినది ఆ యమరికయే యైనచో, క్రొత్తగ వచ్చిన ప్రోగ్రాము ఆ చెడుగునే మరల చదివికొనును.

ఈ సంగతి తెలిసినంతనే యాప్ డేటాలోని యా ఫోల్డరు నంతయుఁ దుడిచివేయఁబోయితిని. ఏమి తోఁచెనో, లోపల నొక్కమాఱు చూచితిని. నేనా ప్రోగ్రామునకు నేర్పుచు వచ్చిన పదపట్టిక యందే యున్నది. కీర్తిశేషురాలైన మా యత్తగారి నోట విని చేర్చుకొన్న పాతమాటలు వందలకొలఁది యందున్నవి. అవి పోయినచో మరల నడుగుట కామె లేదు. నా చేయి వణఁకినది.

కావున మొదట మనవి యగు ఫైళ్లను వెదకి వేఱొక పెన్‌డ్రైవులో దాఁచుకొనవలెను. లైసెన్సు సంఖ్య యున్నచోఁ గాగితముపై వ్రాసికొనవలెను. పిదప గడియారము ప్రక్కనున్న చిన్న గుర్తులలో నా ప్రోగ్రాము దాఁగియున్నదేమో చూచి మూసివేసి, సెట్టింగ్సులోని యాప్స్ విభాగమునుండి తొలఁగింపవలెను. కంప్యూటరును రీస్టార్టు చేయుట మఱవరాదు. వాడుకలోనున్న కొన్ని ఫైళ్లు అప్పుడే పోవును. తరువాత ఫైల్ ఎక్స్‌ప్లోరరున హిడెన్ ఐటెమ్స్ కనఁబడునట్లు చేసి, పైని జెప్పిన తావులలో మిగిలిన ఫోల్డరును వెదకవలెను. దానిని వెంటనే తుడిచివేయక, పేరునకుఁ బాత యని చేర్చిన చాలును. ప్రోగ్రాము దానిని గుర్తింపనేరదు. మనకుఁ గావలసినచో వెనుకకుఁ దెచ్చుకొనవచ్చును. ఆ పిమ్మటనే క్రొత్త ప్రతిని నిర్మాతల వెబ్‌సైటునుండి తెచ్చి యెక్కింపవలెను.

వైరసునుండి కాపాడు సాఫ్టువేరులు తమ్ముఁ దామే కాపాడుకొనును గనుక, వాని నిర్మాతలు పలువురు ప్రత్యేకమైన తొలఁగింపు పరికరముల నిచ్చుచున్నారు; అట్టిచోట వానినే వాడుట మేలు. రిజిస్ట్రీలో మాత్రము తెలియక చేయి పెట్టరాదు. మైక్రోసాఫ్టువారే యొకప్పుడు విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ యను పరికరము నిచ్చుచుండిరి. అది కంప్యూటరులోని యితర భాగములకు హాని కలిగింపఁగలదని 2010లో దానిని వారే యుపసంహరించుకొనిరి. చేసినవారికే యట్టి యనుభవమైనపుడు మనము తొందరపడుట తగునా?

నా ప్రోగ్రాము నాల్గవమాఱు నిలుకడగఁ దెఱచుకొనెను. పదపట్టికను మాత్రమే దానికి మరల నిచ్చితిని. పాత యమరికలను దరిఁజేరనీయలేదు. తుంగగడ్డను ద్రవ్వునపుడు ప్రక్కనున్న పసుపుకొమ్ము చేతికి వచ్చినచో, దానిని గట్టుపై నుంచి, పని ముగిసినపిదప మరల నాటుకొందుము గదా!