భేదులవుతుంటే నీళ్ళు మాన్పించకండి

సెలవులకి ఇళ్ళకి పోయినప్పుడల్లా మేము ఒక మాట వింటున్నాం. "పిల్లోడికి భేదులవుతుంటే నీళ్ళు తాపొద్దు, ఇంకా ఎక్కువవుతాయి" అని. సముద్రం ఒడ్డు పాళేల్లోనూ మా కాలనీల్లోనూ అవ్వలు ఈ మాట ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాట ప్రాణం తీస్తుంది. పదో తరగతి దాకా చదివిన మేము కూడా ఎదురు చెప్పలేకపోతున్నాం. ఎందుకంటే మేము నేర్చుకున్నది వ్యాధి పేరు, క్రిమి పేరు, అంతే. విబ్రియో కలరే అని రాస్తే మార్కు వస్తుంది. ఆ క్రిమి పేగులో ఏం చేస్తుందో తెలియదు.

క్రిమి పేగును కొరికి తింటుందని మాలో చాలామంది అనుకునేవాళ్ళం. అది నిజం కాదు. కలరా క్రిమి పేగు కణాల లోపలికి పోదు. పైన అంటుకుని విషం వదులుతుంది. ఈ సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. కుందేలు పేగును అక్కడక్కడ దారంతో కట్టి, క్రిములు లేకుండా వడకట్టిన ద్రవాన్ని అందులోకి ఎక్కించారు. క్రిమి లేకపోయినా పేగు నీటితో ఉబ్బింది. అంతటి మనిషికి నోబెల్ బహుమతి రాలేదు, మా పుస్తకాల్లో పేరు కూడా కనబడలేదు.

ఆ విషంలో అయిదు ముక్కలు ఉంగరంలా ఉండి, కణం పైనుండే జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. ఆరో ముక్క లోపలికి దూరి ఒక స్విచ్చిని ఆన్‌లోనే బిగించేస్తుంది. రొయ్యల గుంట దగ్గర మోటారు స్విచ్చి ఇరుక్కుపోతే ఏమవుతుందో మన తీరం పిల్లలకి వేరే చెప్పాలా? కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగిపోతుంది, క్లోరైడు తలుపులు తెరుచుకుంటాయి, ఉప్పు బయటికి, దాని వెంట నీళ్ళూ బయటికి. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలా పోయేది అదే. మనిషి చనిపోయేది ఒళ్ళు ఎండిపోయి.

అయితే విషం ముట్టుకోని తలుపు ఒకటుంది. చక్కెర, ఉప్పు కలిసి వస్తే రెండింటినీ లోపలికి తీసుకునే తలుపు అది. నీళ్ళూ వెంటే వస్తాయి. ఉత్త నీళ్ళకన్నా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పనిచేసేది అందుకే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళే డ్రమ్ముల్లో కలిపి తాపించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఇది ఎక్కడో బెంగాల్ సంగతి కాదు. ఓ139 అనే కొత్త రకం కలరా 1992లో మన పక్కనున్న మద్రాసులోనే బయటపడింది. పాత రకం వచ్చి తగ్గినవాళ్ళకు కూడా దీని నుంచి రక్షణ లేకపోయింది. ఏరు సముద్రంలో కలిసే ఉప్పుకయ్యల నీళ్ళలో, కంటికి ఆనని రొయ్యజాతి పురుగులను పట్టుకుని ఈ క్రిమి బతుకుతుంది. పాత చీర నాలుగు మడతలు వేసి నీళ్ళు వడకడితే కలరా సుమారు సగం తగ్గిందని బంగ్లాదేశ్ పల్లెల్లో చూశారు, 2003లో ప్రకటించారు. కాచిన నీళ్ళకు అది సాటి కాదు. కట్టెలు కొనలేని ఇంటికి మాత్రం అదీ మేలే.

కాబట్టి వార్డెన్ గారిని, పెద్దలను మేము కోరేది ఇది. మరుగుదొడ్ల దగ్గర ఎప్పుడూ సబ్బు ఉండాలి. ట్యాంకు కడిగిన తేదీ గోడమీద రాయాలి. ఓఆర్ఎస్ పొట్లాలు బీరువాలో తాళం వేసి కాకుండా రాత్రిపూట కూడా మా చేతికి అందేచోట పెట్టాలి. మా వంతుగా, వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరం మా వీధిలో కలిపి చూపిస్తాం: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు, ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలకొట్టి. చక్కెర లేకపోతే ఉప్పేసిన గంజి. వాంతయితే పది నిమిషాలాగి మళ్ళీ కొంచెం కొంచెంగా తాపాలి. కళ్ళు గుంటలు పడి, పిల్లోడు సొలిగిపోతుంటే ఇక ఇంట్లో ఉంచకూడదు, దారిలో కూడా తాపుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.